వెండికొండ కింద మూడు దినాల మౌనం

మా కోయంబత్తూరు తెలుగిళ్ళల్లో పెద్దవాళ్ళు వెళ్ళియంగిరిని వెండికొండ అనే చెప్తారు. అరవంలో ‘వెళ్ళి’ అంటే వెండి కదా, అందుకని. తెలుగువాళ్ళకు వెండికొండ అంటే కైలాసం. ఇక్కడివాళ్ళు కూడా దీన్ని తెన్‌కైలాయం, అంటే దక్షిణ కైలాసం అంటారు గాబట్టి రెండు పేర్లూ ఒకే చోటికి చేరినాయి. శివరాత్రికి ముందునుంచి ఎండాకాలం దాకా మగవాళ్ళు వెదురు కర్ర పట్టుకుని రాత్రిపూట ఏడు కొండలు ఎక్కి, తెల్లవారేసరికి పైన గుహలో స్వామిని చూసి దిగి వస్తారు. మా తాత ఎక్కినారు, నాయన ఎక్కినారు. ఆ కర్రలు మా ఇంట్లో తలుపు మూలన ఇంకా ఉన్నాయి. మా ఇంట్లో ఆడవాళ్ళు పైకి పోయే వాడుక లేదు. అమ్మకు మాత్రం ఆ కొండ ఎప్పుడూ కిందనుంచి చూసే కొండే. పూండి గుడిలో దండం పెట్టుకుని, నాయన దిగి వచ్చేదాకా కూచునేది.

పోయిన చిత్తిరలో నాయన పోయినారు. మేము ముగ్గురం తోబుట్టువులం. ఒకరిది కోయంబత్తూరే, ఒకరిని మదురైకి ఇచ్చినారు, ఒకరు ఉద్యోగానికని చెన్నైలో ఉన్నారు. కర్మలు అయినాక ఎవరి ఇంటికి వాళ్ళు పోయినాము. మార్గళి వచ్చేసరికి అమ్మ ఒక మాట అన్నది: “మీరు ముగ్గురూ ఒకేసారి వస్తే, నన్ను కొండ కిందికి తీసుకపోండి. గుడికి పోయి గంటలో తిరిగి వచ్చేది కాదు. అక్కడ ఉండాల.” ఉండేదానికి అక్కడ చోటు ఉంది కదా. ఏడు దినాలకని ఈశా యోగ కేంద్రంలో గదులు తీసుకున్నాము.

నాయన గురించి ఒక సంగతి చెప్తేనే తరువాతిది అర్థమవుతుంది. ఆయన నూలు మిల్లులో ముప్పై ఏండ్లకు పైగా పని చేసినారు. మా ఊళ్ళో మొదటి మిల్లు 1888లో వచ్చింది. 1932లో పైకారా కరెంటు వచ్చినాక అవి వరసగా లేచినాయి. నల్లరేగడిలో పత్తి పండించే మా తెలుగువాళ్ళల్లో కొందరు మిల్లు పెట్టినారు, చాలామంది మిల్లులో పనికి పోయినారు. మూడు షిఫ్టులు. ‘సంగు’ ఊదితే పోవాల, సంగు ఊదితే రావాల. లోపల రింగ్ ఫ్రేముల మోతకు చెవి మందగిస్తుంది. అందుకని నాయన ఇంట్లో కూడా గట్టిగానే మాట్లాడేవారు, ఆయనకు వినపడాలని అమ్మ ఇంకా గట్టిగా మాట్లాడేది. వీధివాళ్ళు జగడమేమో అనుకునేవాళ్ళు. మాకు మాత్రం తెలుగు అంటేనే అది. బయట అరవం మెల్లగా, ఇంట్లో తెలుగు గట్టిగా.

గాంధీపురం నుంచి 14డి బస్సు పోతాది. పేరూరు, ఆలాందురై, ఇరుట్టుపళ్ళం దాటినాక ఎడమా కుడీ వక్క తోటలు, అరటి తోటలు. ముప్పై కిలోమీటర్ల చిల్లర. సిరువాణి నీళ్ళు, నొయ్యల్ ఏరు, రెండూ ఆ కొండల వైపు నుంచే. మా ఊరికి తాగేదానికి, పంటకు నీళ్ళిచ్చిన దిక్కు అది. బస్సు దిగకముందే 112 అడుగుల ఆదియోగి ముఖం కనిపిస్తాది. అది 2017 శివరాత్రికి లేచింది. ధ్యానలింగం అంతకుముందుది, 1999లో ప్రతిష్ఠ చేసినారు. దాన్ని పెట్టించిన సద్గురు జగ్గీ వాసుదేవ్ మైసూరులో తెలుగు మాట్లాడే ఇంట్లో పుట్టినవారు. ఈ ముక్క విన్నప్పుడు అమ్మ “అట్లనా, మనాళ్ళేనా” అని ఒక్క మాట అనేసి తన మూట విప్పుకున్నది.

అక్కడి దినచర్య మిల్లు షిఫ్టు కన్నా గట్టిది, కానీ సంగు లేదు. తెల్లవారుజామున చలిలో లేవాల. కొండమీద మంచు అప్పటికి కదలదు. పొద్దున మెడ, భుజాలు, మోకాళ్ళు కదిలించే చిన్న చిన్న యోగాభ్యాసాలు. చెప్పే పిల్ల అరవంలో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి చెప్తాది. డెబ్బై నాలుగేండ్ల అమ్మకు కుర్చీ వేసి ఇచ్చినారు. మెడను అటూ ఇటూ తిప్పమంటే ఆమె తిప్పింది గానీ, కండ్లు మూసుకోమంటే మూసుకోలేదు. “కండ్లు మూస్తే నాకు నిద్ర వస్తాది, లేకపోతే మీ నాయన వస్తారు” అని గుసగుసగా చెప్పింది. ఆ పిల్ల నవ్వి, తెరిచే ఉంచుకోండి పాటీ అన్నది.

తరువాత నీళ్ళు. మగవాళ్ళకు సూర్యకుండం, ఆడవాళ్ళకు చంద్రకుండం. నేల మట్టానికి చాలా లోతున రాతి కోనేరు, దాంట్లో పాదరసాన్ని గట్టిపరిచి చేసిన రసలింగం. మెట్లు దిగేకొద్దీ చలి ఎక్కువవుతాది. నీళ్ళల్లో మొదటి మునక వేసినప్పుడు ఎవరైనా సరే నోటితో ఏదో ఒక శబ్దం చేస్తారు. మదురై అక్క చెప్పింది: చుట్టూ పది భాషల ఆడవాళ్ళు ఉన్నారు, కానీ ఆ నీళ్ళు తగలగానే అందరూ ఒకే మాట అన్నారంట. “అమ్మా!” అది ఏ భాషో ఎవరు చెప్పగలరు?

ధ్యానలింగం లోపల మాట లేదు. ఇటుక, మట్టి, సున్నంతో కట్టిన పెద్ద గుమ్మటం, ఉక్కు లేదు, సిమెంటు లేదు. 76 అడుగుల వెడల్పు. నడుమ 13 అడుగుల 9 అంగుళాల లింగం, మీద నీళ్ళ బొట్లు పడుతూ ఉంటాయి. గోడ చుట్టూ చిన్న చిన్న గూళ్ళల్లో మనుషులు కూచుని ఉంటారు. పూజారి లేడు, మంత్రం లేదు. గంట కొడితే లేవచ్చు, లేకపోతే కూచోవచ్చు. మధ్యాహ్నం 11:50కి ఒకసారి, సాయంకాలం 5:50కి ఒకసారి నాదారాధన ఉంటాది. గొంతులు, డప్పులు, వేణువు, లోహపు గిన్నెల నాదం ఆ గుమ్మటంలో తిరిగి తిరిగి వస్తాయి. మొదటి సాయంకాలం అది విని బయటికి వచ్చినాక అమ్మ చెవి మీద చెయ్యి పెట్టుకుని, “మిల్లు వాకిట్లో నిలబడినట్టుండాది” అన్నది. ఆమె పెండ్లయిన కొత్తలో నాయనకు కూడు తీసుకపోయి మిల్లు వాకిట్లో నిలబడేది. లోపలి మోత గోడల్లోనుంచి పాదాలకు తెలిసేదంట.

కూడు రెండు పూటలే, పొద్దున పదింటికి, రాత్రి ఏడింటికి. భిక్షా హాలులో నేలమీద వరసగా కూచోవాల. అందరికీ వడ్డించినాక ఒక శ్లోకం, ఆ తరువాత తినాల. మాట్లాడకూడదు. పండ్లు, పచ్చి కూరగాయ ముక్కలు, గంజి, అన్నం, కూర. కావాలంటే చేత్తో సైగ చేయాల, చాలంటే అరచెయ్యి అడ్డం పెట్టాల. మా ఇంట్లో అయితే తినేటప్పుడే ఊళ్ళో సంగతులన్నీ వస్తాయి. నోరు రెండు పనులు చేసేది అప్పుడే. ఇక్కడ ఒక పనే. రెండో దినానికే మాకు అర్థమైంది, మనం ఎంత తింటామో మాట్లాడకుండా తిన్నప్పుడే తెలుస్తాది అని.

మౌనం మాట అమ్మే ఎత్తింది. రెండో రాత్రి గదిలో మేము నాయన పొలం పట్టా గురించి, బ్యాంకు కాగితాల గురించి మాట్లాడుకుంటున్నాము. ఎక్కువగా అరవంలోనే, లెక్కలు ఇంగ్లీషులో. అమ్మ కాసేపు విని, “కొండ కిందికి వచ్చి కూడా ఇవేనా? రేపటినుంచి మూడు దినాలు అందరం నోరు కట్టేసుకుందాము. నాతో సహా” అన్నది. కేంద్రంవాళ్ళు పెట్టిన కార్యక్రమం కాదు అది, మా ఇంటి ఏర్పాటు. ఫోన్లు మూటలో కట్టి బీరువాలో పెట్టినాము.

మొదటి దినం చెయ్యి ఊరుకోదు, సైగలు చేస్తూనే ఉంటాది. రెండో దినానికి సైగలు కూడా తగ్గినాయి. అప్పుడు కంటికి పని ఎక్కువైంది. ధ్యానలింగం ప్రాకారంలో భక్తుల బొమ్మలు చెక్కి ఉన్నాయి. మొదటి దినం చూసి దాటిపోయినవే. ఇప్పుడు ఒక్కొక్కదాని ముందూ నిలబడినాము. కంటిని పీకి శివునికి పెట్టే కన్నప్ప ఉన్నాడు. శ్రీకాళహస్తి కథ, మా అవ్వ చెప్పగా విన్నది. ఆ వరసలోనే సదాశివ బ్రహ్మేంద్రులు ఉన్నారు. తెలుగు బ్రాహ్మల ఇంట్లో పుట్టి, కావేరి ఒడ్డున అరవ దేశంలో తిరిగిన అవధూత. చిన్నతనంలో కనిపించిన పండితుణ్ణల్లా వాదంలో ఓడించేవారంట. గురువు పరమశివేంద్రులు విసిగి, నీ నోరు ఎప్పుడు ఊరుకుంటుంది అని అడిగితే, ఆ క్షణంనుంచి జన్మంతా మాట్లాడలేదని చెప్తారు. ఆయన సమాధి కరూరు పక్కన నేరూరులో ఉంది. మదురై పక్కన మానామదురైలో కూడా ఆయన సమాధి అని కొలిచే చోటు ఉంది. మదురై అక్క అక్కడికి చాలాసార్లు పోయింది. మాట విడిచిన ఆ మనిషి కీర్తనలనే ఈనాటికీ కచేరీల్లో పాడుతున్నారు. నోరు మూసుకున్నవాడి మాట ఇన్నూరు ఏండ్లు దాటి నిలిచింది.

అదే దినం ఒక తమాషా జరిగింది. చంద్రకుండం దారిలో అమ్మ రాతి అరుగు మీద కూచుని ఉంది. ఒక గుంటూరు కుటుంబం వచ్చింది. ఆ ఇల్లాలు వచ్చీరాని అరవంలో, “అమ్మా, చంద్రకుండ్ ఎంగే?” అని అడిగింది. అమ్మ చేత్తో చూపించింది. ఇంకెంత దూరం అని అడిగింది. అమ్మ రెండు వేళ్ళు కలిపి, కొంచెమే అని చూపించింది. ఆ ఇల్లాలు కూతురివైపు తిరిగి తెలుగులో, “పాపం, ఈ అరవావిడకి మాటలు రావనుకుంటానే” అన్నది. అమ్మ ముఖం చూడాల! నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకున్నది. మేము ముగ్గురం చెట్టు చాటుకు పోయినాము.

మూడు దినాలు ముగిసి నాలుగో పొద్దున ఆదియోగి ముందర గడ్డిమీద కూచుని మౌనం విడిచినాము. మొదట ఎవరూ మాట్లాడలేదు. తరువాత చెన్నై తమ్ముడు అడిగినాడు, “లోపల మాట ఆగిందా ఎవరికైనా?” ఎవరికీ ఆగలేదు. అప్పుడు వచ్చింది అసలు ప్రశ్న: లోపలి మాట ఏ భాషలో నడిచింది?

తమ్ముడికి ఎక్కువ భాగం ఇంగ్లీషులోనే నడిచిందంట. మిగిలిపోయిన పనులు, పంపాల్సిన ఉత్తరాలు, లెక్కలు. మదురై అక్క శ్వాసను ‘ఒణ్ణు, రెండు, మూణు’ అని అరవంలో లెక్కపెట్టింది. పిల్లల చదువు, అత్తగారి మందులు, అన్నీ అరవంలోనే గుర్తొచ్చినాయి. కోయంబత్తూరులో ఉండేవాళ్ళకూ అంతే. తెలుగు ఎప్పుడు వచ్చిందని చూసుకుంటే ముగ్గురికీ ఒకే జవాబు. నాయన గుర్తొచ్చినప్పుడు మాత్రమే. ఆయన గొంతు తెలుగులో తప్ప ఇంకోరకంగా వినపడదు. ఆయనతో మనసులో మాట్లాడాలంటే మేమూ తెలుగులోకి రావాల్సిందే.

అమ్మ అంతా విని చెప్పింది: “మీకు మూడు దినాలు మౌనం. నాకు ఎక్కడ మౌనం? పొద్దున లేచిందినుంచి రాత్రి దాకా మీ నాయనతో మాట్లాడుతూనే ఉన్నాను. పట్టా సంగతి చెప్పినాను, మోకాలి నొప్పి చెప్పినాను, ఆ గుంటూరామె సంగతి చెప్పినాను. గట్టిగా చెప్పే పని కూడా లేకపోయె. ఇప్పుడు ఆయనకు బాగా వినపడతాది.” కాసేపు ఆగి, “ఇంట్లో ఎనిమిది నెలలుగా నేను చేసేది ఇదే” అన్నది.

ఆ మాట మా ముగ్గురికీ తగిలింది. ఇంట్లో అమ్మ ఒంటరిగా లేదు. కొడుకు, కోడలు, మనుమలు, అందరూ ఉన్నారు, అందరూ ప్రేమగానే ఉన్నారు. పిల్లలకు తెలుగు అర్థమవుతాది, అవ్వ తెలుగులో అడిగితే వాళ్ళు అరవంలో జవాబు చెప్తారు. కానీ అడగకుండా, ఊరక, దినమంతా తెలుగులో మాట్లాడే మనిషి ఆమెకు నాయన ఒక్కరే. ఆయన పోయినప్పుడు ఆమెకు మొగుడితోపాటు భాష వినే చెవి కూడా పోయింది. అది మందగించిన చెవే కావచ్చు, అయినా ఆమెకు అది చాలింది. మౌనవ్రతం అని మేము మూడు దినాలు పట్టినది ఆమెకు కొత్త కాదు.

మా తెలుగు సంగతి ఇక్కడ కొంచెం చెప్పాల. 1529లో విశ్వనాథ నాయకుడు మదురైలో పాలన మొదలుపెట్టి, అరియనాథ మొదలియారుతో కలిసి దేశాన్ని 72 పాళయాలుగా ఏర్పాటు చేసినప్పుడు, ఆ ముందూ వెనకా తెలుగువాళ్ళు గుంపులు గుంపులుగా ఈ దిక్కుకు వచ్చినారు. తిరుమల నాయకుని మహలు 1636 నాటిది. రాజులు పోయినారు, పాళయాలు పోయినాయి, భాష నిలిచింది. కానీ మాలాంటి ఇండ్లల్లో అది నోట్లోనే నిలిచింది. బడిలో అరవం చదివినాము, ఉత్తరాలు అరవంలో రాసినాము. మా తాత పద్దు పుస్తకం కూడా అరవ అక్షరాల్లోనే ఉంది. రాత ఉన్న భాష పుస్తకంలో నిద్రపోయి ఎప్పుడైనా లేవగలదు. రాత లేకుండా ఇంట్లో నడిచే భాషకు ఆ వసతి లేదు. అది దినమూ ఒకరి నోటినుంచి ఇంకొకరి చెవికి పోతూ ఉండాల.

మౌనం గొప్పదని అందరూ చెప్తారు, మేమూ ఆ మూడు దినాల్లో దాని రుచి చూసినాము. మదురై అక్క ఇంటికి దగ్గరే చొక్కప్ప నాయకన్ వీధి ఉంది. నాయకుల పేరు మోసే ఆ వీధిలోని ఒక ఇంటి మేడమీదే 1896లో పదహారేండ్ల వెంకటరామన్ చావంటే ఏమిటో చూద్దామని కట్టెలాగా పడుకుని లోపలికి చూసుకున్నాడు. ఆయనే తరువాత అరుణాచలంలో రమణ మహర్షి. ఆయన ఏండ్ల తరబడి మౌనంగా ఉన్నారు. మౌనమే పెద్ద ఉపదేశం అన్నవారు. అయినా అడిగినవాళ్ళ కోసం ఉపదేశ సారాన్ని తెలుగులోకి కూడా తానే మార్చి ఇచ్చినారు. ఆయనకు భగవాన్ శ్రీ రమణ మహర్షి అని పేరు పెట్టింది తెలుగువాడైన కావ్యకంఠ గణపతి ముని. ఇదంతా అక్క గడ్డిమీద కూచుని చెప్పింది. చెప్పి, “మౌనం మనం పట్టుకుంటే వ్రతం. మనల్ని అది పట్టుకుంటే వేరే” అన్నది. అమ్మ ఏమీ అనలేదు, అక్క తల నిమిరింది.

సాయంకాలం లింగభైరవి గుడి దగ్గర గుంటూరామె మళ్ళీ కనిపించింది. అమ్మ ఊరుకుంటాదా? పోయి, “చంద్రకుండంలో బాగా మునిగితివా అమ్మాయి?” అని అడిగింది. ఆ ఇల్లాలు ఒక్క నిమిషం నోట మాట లేకుండా నిలబడిపోయింది.

“అయ్యో, మీరు తెలుగువాళ్ళా అండీ! మాటలు రావనుకున్నాం... ఏమీ అనుకోకండి. ఎప్పుడొచ్చేశారు ఇటు?”

“మేము వచ్చి ఐదునూర్ల ఏండ్లు కావస్తాది. నువ్వు ఎప్పుడు వస్తివి?”

“మేం మొన్న శుక్రవారం వచ్చామండీ.”

ఇద్దరూ మెట్లమీద గంటకు పైగా కూచున్నారు. ఆమె రోజు అంటే అమ్మ దినం అన్నది, ఆమె షాపు అంటే అమ్మ అంగడి అన్నది, ఆమె డబ్బులు అంటే అమ్మ దుడ్లు అన్నది. “మా అమ్మమ్మ ఇలా అనేదండీ” అని ఆ ఇల్లాలు రెండు మూడుసార్లు అన్నది. అమ్మ గొంతు మెల్లమెల్లగా పెరిగి, నాయన ఉన్నప్పటి గట్టిదనానికి వచ్చింది. దారిన పోయేవాళ్ళు తిరిగి చూసినారు. మేము ఆమెను ఆపలేదు.

ఇంటికి వచ్చి ఇప్పటికి రెండు నెలలు దాటింది. పొద్దున మెడ తిప్పే అభ్యాసం అమ్మ ఇంకా చేస్తాది, కండ్లు తెరిచే. రాత్రి ఎనిమిదింటికి మదురైనుంచి, చెన్నైనుంచి ఫోన్లు వస్తాయి. పావుగంట, తెలుగులో మాత్రమే. మొదట్లో రెండు నిమిషాలకే మాటలు అయిపోయేవి, ఇప్పుడు అమ్మే “చాలు, పెట్టెయ్యి” అంటాది. పిల్లలకు ఒకటే నియమం: అవ్వ గదిలో అడుగు పెడితే తెలుగు. చిన్నవాడు ఆ గదికి తెలుగుదేశం అని పేరు పెట్టినాడు.

ఎనిమిదో తరగతి చదివే మనుమరాలు అవ్వ చెప్పే మాటలను ఒక నోటు పుస్తకంలో అరవ అక్షరాల్లో రాస్తూ వచ్చింది. వారం తిరగకముందే చిక్కు వచ్చింది. అరవంలో క, గ రెండింటికీ ఒకే అక్షరం గదా, ‘గాలి’ అని రాసింది మరుసటి దినం ‘కాలి’ అని చదివింది. దాంతో తెలుగు అక్షరాలే నేర్పమని తానే అడిగింది. మాలో ఒకరికి మాత్రమే, అదీ పెద్దయినాక నేర్చుకున్న రాత అది. ఈ కబురు రాస్తున్నది ఆ రాతతోనే. ఇప్పుడు ఇద్దరు పక్కపక్కన కూచుని దిద్దుతున్నారు. నిన్న అమ్మ ఇచ్చిన మాట ‘కపిల’. బావినుంచి ఎద్దులతో నీళ్ళు తోడే ఏర్పాటు. మోకు ఎట్ల కడతారు, తోలు బాన ఎట్ల నిండుతాది, ఎద్దులు దిగుడు దారిలో ఎట్ల పోతాయి, మళ్ళీ వెనక్కు ఎట్ల నడుస్తాయి, ఇదంతా పిల్లకు అర్థమయ్యేటట్టు చెప్పేదానికి ఆమెకు అరగంట పట్టింది. సగంలో పిల్ల అరవంలో ఏదో అడగబోయి, నాలుక కరుచుకుని, తెలుగులో అడిగింది.